కుక్కకాటు లెక్కన మాటల వైద్యం

మా ఆస్పత్రి రజతోత్సవ సంచికలో నా గురించి ఒక్క ముక్క లేదు. ఒక ఫొటో మాత్రం ఉంది. అందులో సూపరింటెండెంటు గారు నిండుగా ఉన్నారు. ఆయన పక్కన క్రోటన్ మొక్క కుండీ కూడా నిండుగా ఉంది. కుండీ వెనక నా చెవి ఒకటి, కళ్ళజోడు సగం కనిపిస్తాయి. కింద "సూపరింటెండెంటు గారు, ఇతరులు" అని వేశారు. కుండీ, నేనూ కలిపి ఇతరులం.

దాని మీద నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. అలవాటే. అంతకన్నా పెద్ద ప్రశ్నకే ఇంతవరకు జవాబు రాలేదు. ఆ ప్రశ్న ఇది. మనసు ఒకచోట నిలవని మనిషికి, పొద్దున దేవుడన్నవాణ్ణే సాయంత్రానికి శత్రువనే మనిషికి, మాటలతో చేసే వైద్యం ఎంతకాలం సాగాలి? ఆ కాలాన్ని ఎవరు తేల్చాలి? డెబ్బైల మొదట్లో పైవాళ్ళను అడిగాను. తరవాత సభల్లో అడిగాను. ఒక సభలో నేను లేచి నిలబడగానే అధ్యక్షులవారు "టీ సిద్ధంగా ఉంది" అన్నారు. సిద్ధంగా లేదు. వెళ్ళి చూశాను.

ఇప్పుడు రాయదుర్గం అద్దాల మేడల్లో కూర్చుని ఈ పని చేస్తున్న కుర్రవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. వాళ్ళయినా చదవాలి మరి.

చేతుల్లేని కుర్చీ

మెట్రో రైలు ఆఖరి స్టేషను ఉన్న ఆ రాయదుర్గంలో అప్పుడు గుట్టలు ఉండేవి, వాటి సందుల్లో సీతాఫలం పొదలు ఉండేవి. ఒక ధర్మసంస్థ అక్కడ పాత రాతి బంగళా తీసుకుని మానసిక వైద్యశాల పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని గుట్ట దవాఖాన అనేవారు. నేను అందులో క్లినికల్ సైకాలజిస్టుని. అంటే డాక్టర్ని కాను. మాత్రలు రాయను, సూదులు వేయను. మాట్లాడతాను, అంతకన్నా ఎక్కువగా వింటాను.

దీన్ని ఉద్యోగమని ఒప్పించడానికే నాకు చాలా కాలం పట్టింది. మణికొండ నుంచి నడిచొచ్చిన ఒక పెద్దాయన నాతో గంటసేపు మాట్లాడి, లేచి, చొక్కా చేయి పైకి మడిచి నిలబడ్డాడు. సూది లేదన్నాను.

"మరి గింతసేపు ఏం జేసినవ్ సారూ?"

"విన్నాను."

"వినుడైతే మా బర్రె గూడ వింటది" అని చేయి దించుకుని వెళ్ళిపోయాడు.

అందుకే కొత్తగా వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. మీరేం చేస్తారో తరవాత చెప్పండి. ఏం చేయరో ముందే చెప్పండి.

మా సూపరింటెండెంటు సైన్యంలో డాక్టరుగా చేసి రిటైరైనాయన. వరంగల్ మనిషి. అందరూ మేజర్ గారనేవారు. ఆయన వచ్చిన వారంలోనే కుర్చీలు పంచారు. డాక్టర్లకు చేతులున్నవి, నాకు చేతుల్లేనిది. ఎందుకని అడిగాను. "నీ పని చెవులతోని కదయ్యా, చేతులెందుకు?" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

హద్దు

నాకు ఆ ప్రశ్న పుట్టించిన పేషెంటు వసుంధర. ఆమె తండ్రి బొంబాయి రోడ్డు మీది ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మదీనాగూడలో కిరాయికి ఉండేవారు. ఆమెకు ఇరవై దాటి మూడు నాలుగేళ్ళు ఉంటాయి. మా ప్రాంతపు చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అప్పట్లో మా వైపు ఫోన్లకు డయలు ఉండేది కాదు. రిసీవరు ఎత్తితే ఆపరేటరు పలికేది. ఆమె కలిపితే మాట, తీసేస్తే నిశ్శబ్దం. పై ఊళ్ళకు మాట్లాడే ట్రంక్ కాలయితే మూడు నిమిషాలు కాగానే మధ్యలోకి వచ్చి "టైం అయిందండీ, పొడిగించమంటారా?" అని అడగడం ఆమె పని.

మొదటిసారి మణికట్టుకు కట్టుతో వచ్చింది. తనను తాను అలా గాయపరచుకోవడం అది రెండోసారని తల్లి కామేశ్వరమ్మ గారు చెప్పారు. రెండుసార్లూ కారణం ఒకటే. ఎక్స్ఛేంజిలో ప్రాణంగా చూసుకున్న స్నేహితురాలు ఒకనాడు ఈమె కోసం ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. మరోసారి ఇంకో స్నేహితురాలు. వినేవాళ్ళకు చిన్న విషయం. ఆ పిల్లకు అది చావుబతుకుల విషయం, మాట వరసకు అనడం కాదు. మూడోసారి జరక్కుండా చూడడమే నా పని.

ఈ జబ్బుకు బెంగుళూరులో మాకు నేర్పిన పేరు బార్డర్‌లైన్. పిచ్చికీ మామూలు బాధకీ మధ్య గీత మీద ఉన్నదని అప్పటివాళ్ళ ఉద్దేశం. తల్లికి అర్థం కావాలని తెలుగులో చెప్పాను. "మీ అమ్మాయి హద్దు మీద ఉందండీ."

కామేశ్వరమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "ఏవన్నారూ? నా కూతురు హద్దు మీరిందంటారా?"

"మీరిందనలేదండీ. మీద ఉందన్నాను."

"మీద ఉందంటే రేపో మాపో మీరుతుందనేగా! ఎక్స్ఛేంజిలో అందరూ ఆడపిల్లలేనండీ బాబూ, కావాలంటే వెళ్ళి కనుక్కోండి!"

వాళ్ళ ఇంటి యజమాని నర్సింలు కూడా తోడొచ్చాడు. మదీనాగూడ మనిషి, పొలం ఉన్నవాడు. అతను తల పంకించాడు. "హద్దు పంచాయితీ గీ దవాఖానల తెగదమ్మా. పట్వారిని విలవాలె. గొలుసు వట్టి కొలుస్తడు."

అప్పటిదాకా గోడ వైపు తిరిగి కూర్చున్న వసుంధర ఫక్కున నవ్వింది. "కొలిపించవే అమ్మా. ఎన్ని గుంటలున్నానో నాకూ తెలుస్తుంది."

మేజర్ గారికి ఈ కేసు చెప్పినప్పుడు ఆయన మ్యాపు కోసం చూసినట్టు గోడకేసి చూశారు. "బార్డరా? కాల్పులు ఎటు దిక్కు నుంచి?"

"రెండు వైపుల నుంచీ సార్."

ఆ మాట ఒక్కటే ఆయనకు పూర్తిగా అర్థమైంది.

జబ్బు పేర్లను అనువాదం చేయకండి. ఆ సాయంత్రం తల్లిని మళ్ళీ కూర్చోబెట్టి ఇలా చెప్పాను. "మీ అమ్మాయికి మనిషి కళ్ళముందు లేకపోతే ఇక లేనట్టే. ఆలస్యంగా వస్తే వదిలేసినట్టే. మనిషి వెళ్ళినా మిగిలే ఉంటాడని ఆమెకు నమ్మకం కుదరాలి. అది చెబితే కుదరదు, కొంతకాలం జరిగి చూపించాలి." ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఎంతకాలమండీ?" అన్నారు.

చూశారా, అసలు ప్రశ్న ఆవిడే వేశారు. అప్పటికి నేను "రెండేళ్ళు అనుకోండి" అన్నాను.

టైం అయింది

ఆమె వారానికి రెండుసార్లు వచ్చేది. మొదటి నెలంతా నాకు మర్యాదలు. "మీలా వినేవాళ్ళు భూమ్మీద లేరండీ." నా జీవితంలో అలా అన్నది ఆమె ఒక్కతే కాబట్టి కాస్త సంతోషించాను కూడా. రెండో నెలలో నాకు జలుబు చేసి ఒక రోజు సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి లెక్క మారింది. "మీకంటే మా ఎంగేజ్డ్ టోను నయం. అదైనా ఉన్నమాట చెబుతుంది."

ఈ రెండు మాటలూ మీ గురించి కావు. కుర్రవాళ్ళు మొదటిదాన్ని నమ్మి, రెండోదానికి ఏడుస్తారు. నాకు తెలిసిన ఒకాయన ఒక పేషెంటును తొమ్మిదేళ్ళు నడిపాడు. గొప్ప ఓపిక అనుకున్నారంతా. అసలు సంగతి ఆమె అతన్ని అన్నయ్యా అనేది, అతనికి చెల్లెళ్ళు లేరు. ఎక్కువకాలం సాగినంత మాత్రాన అది వైద్యం కాదు. ఈ సంగతి నేను ఆయన ముఖం మీదే చెప్పాను. తరవాత వాళ్ళింట్లో శుభకార్యాలకు నన్ను పిలవడం మానేశారు.

వసుంధరతో పెద్ద గొడవ గంట చివర్న వచ్చేది. లేచేది కాదు. ఒకరోజు నా బల్ల పట్టుకుని కూర్చుంది. "టైం అయిందని జనాన్ని తుంచడం నా ఉద్యోగమండీ. నన్ను తుంచడానికి మీరెవరు?"

"అయితే మీరే తుంచండి" అన్నాను.

అప్పటి నుంచి గంట కాగానే ఆమే వెన్ను నిటారుగా పెట్టి, ఎక్స్ఛేంజి గొంతుతో "టైం అయిందండీ, పొడిగించమంటారా?" అనేది. "వద్దండీ, గురువారం కలపండి" అని నేననాలి. ఒక్కోసారి ఏడుపు మధ్యలో ఆగి ఆ గొంతు పెట్టి అడిగి, లేచి, గుమ్మం దాటాక మళ్ళీ ఏడ్చేది. మా నర్సులు కిటికీలోంచి చూసి నాకే పిచ్చెక్కిందనుకున్నారు. కానీ మణికట్టు మీద కొత్త కట్టు రాలేదు.

పద్నాలుగు

ఒకరోజు మేజర్ గారు పిలిచారు.

"ఏందయ్యా, ఆ ఫోను పిల్లది ఇంకా అయితలేదా?"

"ఇప్పుడే మొదలైంది సార్."

"కుక్క కరిస్తే ఎన్ని సూదులు?"

ఆ రోజుల్లో కుక్కకాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. పిల్లలక్కూడా తెలుసు. "పద్నాలుగు సార్."

"ప్రాణం తీసే రోగం. దానికే పద్నాలుగు. నీ మాటలు రేబిస్ కన్నా పెద్దవా? పద్నాలుగు సార్లు మాట్లాడు, ఖతం. ప్రతి దానికి ఒక కోర్సు ఉంటది."

వాదించాను. రెండేళ్ళు పడుతుందన్నాను. ఇలాంటి మనిషికి మొదటి నెలలన్నీ మనం పారిపోతామా లేదా అని పరీక్షించడానికే సరిపోతాయన్నాను. ఆయన వినలేదు. అప్పుడు నేను దారి మార్చాను. "సార్, ఆమెకు బాధ ఒకటి కాదు. కోపం ఉంది."

"దానికి పద్నాలుగు. మంచిది."

"వదిలేస్తారన్న భయం ఉంది."

"ఇంకో పద్నాలుగు."

"లోపల అంతా ఖాళీగా ఉందంటుంది."

మేజర్ గారు కళ్ళజోడు తీశారు. "ఏం లేకపోవుడు గూడ రోగమేనా? లేనిదానికి పద్నాలుగు ఎందుకయ్యా? ఏడు చాలు."

ఇది నేను కల్పించింది కాదు. ఒక మనిషి లోపలి శూన్యానికి అలా బేరమాడి ఏడు సంపాదించాను. మొత్తం కలిపితే నాలుగైదు నెలల్లో అయిపోతుంది. అదైనా దక్కిందని వచ్చాను. దక్కలేదు. మొదటి పద్నాలుగు ఎప్పుడో దాటిపోయాయని ఆయనకు ఎవరో గుర్తుచేశారు, దాంతో నాకు చెప్పకుండానే బేరం రద్దు చేశారు. ఎవరో నాకు తెలుసు. ఆయనిప్పుడు లేరు కాబట్టి వదిలేస్తున్నాను.

తరవాతి గురువారం వసుంధర మాట మధ్యలో ఉంది. చిన్నప్పుడు తల్లి తనను నాయనమ్మ దగ్గర వదిలి కాన్పుకు వెళ్ళినప్పటి సంగతి, అంతవరకు నోరు విప్పనిది, అప్పుడే మొదలుపెట్టింది. తలుపు తెరుచుకుంది. మేజర్ గారు, వెనక ఇద్దరు నర్సులు, ఫొటోగ్రాఫరు, చేతిలో బంతిపూల దండ.

"శభాష్! నీకు నయమైంది బిడ్డా. ఇయ్యాల్టితో డిశ్చార్జి."

దండ మెడలో పడింది. ఆమె నన్నే చూస్తోంది. "మీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను. నిజమే. కానీ ఆ క్షణాన ఎవరు నమ్ముతారు? ఆమె దండ తీసి పక్కనున్న క్రోటన్ మొక్కకు వేసి బయటికి నడిచింది.

మంగళవారం రాలేదు. గురువారం ఆమెకు బదులు నర్సింలు వచ్చాడు.

"పిల్ల అన్నం దింటలేదు సారూ. ఎవ్వల్తోని మాట్లాడ్తలేదు. డ్యూటికి మాత్రం పోతాంది. వాళ్ళమ్మ రాత్రంత తలుపుకాడ్నే కూసుంటాంది. నాకు పరేషాన్ అయితాంది, జర సూడుర్రి."

కాల్పుల విరమణ

మేజర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఫోనులో అరుస్తున్నారు. మద్రాసులో ఉండే మా సంస్థ అధ్యక్షుడికి ట్రంక్ కాల్. "సార్, ఇక్కడ అంతా..." అనేసరికి లైను పోయింది. మళ్ళీ బుక్ చేశారు. "సార్, నేను మేజ..." మళ్ళీ పోయింది. మూడు రోజులుగా ఇదే వరసట. పోయే ముందు ప్రతిసారీ ఒక ఆడగొంతు మర్యాదగా ఒక మాట చెబుతోందట.

"ఏమంటోంది సార్?"

"'మీకు నయమైందండీ' అంటాంది!"

నా జన్మలో నేను నవ్వు ఆపుకున్నది ఆ ఒక్కసారే. నవ్వుతోబాటు ప్రాణం కూడా కుదుటపడింది. అంత కోపం ఉన్న మనిషి ఇంకా మనతో మాట్లాడుతున్నట్టే లెక్క.

మేజర్ గారికి అప్పుడు వెలిగింది. ఎక్స్ఛేంజి పెద్దలకు ఫిర్యాదు చేసి ఉద్యోగం పీకిస్తానన్నారు. ఆ పిల్లను నిలబెడుతున్నది అప్పటికి ఆ ఉద్యోగం ఒక్కటే. ఆయన రిసీవరు ఎత్తారు. అవతలి నుంచి "నంబరు చెప్పండి" అన్న గొంతు నాకూ వినిపించింది. ఆయన నోరు తెరిచి, మూసి, రిసీవరు పెట్టేశారు. ఆమె మీద ఫిర్యాదు చేయాలన్నా ఆమే కలపాలి.

"ఉత్తరం రాయొచ్చు కద సార్" అన్నాను, రాయరని తెలిసే.

"ఒక ఆడపిల్ల చేతుల ఓడిపోయిన అని నా చేతితోని నేనే రాసుకోవాల్నా?"

ఆమె డ్యూటీ దిగాక మదీనాగూడ వెళ్ళి వసుంధరను తీసుకొచ్చాను. మేజర్ గారి ఎదుట నిలబడి ఆమె చెప్పింది. "నా మాట మధ్యలో మీరు తుంచారు. మీ మాట నేను తుంచాను. నాకు మాత్రం అన్నం సయించలేదు. మీకు సయించిందా అండీ?"

ఆయన బల్ల మీది ఫోను కేసి చూశారు. చివరికి నా వైపు తిరిగి, "సీజ్‌ఫైర్. నీ కోర్సు నువ్వే చూసుకో. నా లైను మాత్రం క్లియరుండాలె" అన్నారు. ఒక మనిషి మనసుకు ఎంత వైద్యం కావాలో అలా ట్రంక్ లైను తేల్చింది. ఏ పుస్తకంలో ఉందండీ ఇది?

ఆఖరి సీతాఫలం

ఈసారి ముగింపు మేమిద్దరం ముందే పెట్టుకున్నాం. ముగింపు ఎప్పుడో పేషెంటుకు మొదటే తెలియాలి. వైద్యంలో సగం అదే. తేదీ చెబితే శిక్ష పడ్డట్టుందని ఆమె ఒప్పుకోలేదు. కిటికీలోంచి గుట్ట చూపించి, "పైయేడు సీతాఫలాలు అయిపోయేదాకా" అంది. సరేనన్నాను.

ఆ మధ్యకాలం గురించి పెద్దగా రాయను. కథలాంటిదేమీ జరగలేదు. తిట్టింది, అలిగింది, వచ్చింది. ఒక స్నేహితురాలు బదిలీ మీద వెళ్ళిపోతే ఏడ్చి, మర్నాడు డ్యూటీకి వెళ్ళింది. నేను పది రోజులు ఊరెళ్ళి వస్తే "బాగున్నారా?" అంది. ఆ ఒక్క మాట కోసమే ఏడాదిన్నర.

పైయేడు వానలు ఆలస్యమయ్యాయి. సీతాఫలాలు ఎంతకీ తెగలేదు. గుట్టంతా ఖాళీ అయ్యాక కూడా ఆమె కిటికీ ఎదుటి పొద చూపించి, "అదిగో, ఇంకొకటుంది" అంది. అది ఎండిపోయిందన్నాను. లేదంది. ఇద్దరం గుట్టెక్కాం. మధ్యవర్తి కావాలని నర్సింలును కూడా తీసుకెళ్ళాం. అతను కొమ్మ వంచి చూశాడు.

"గిది లెక్కల రాదమ్మా. కాకి వొడిసింది."

"కాకి పొడిచినా కాయ కాయే కదండీ" అంది నా వైపు చూసి.

ఇక్కడే చాలామంది మెత్తబడతారు. ఇంకో నెల చూద్దాం అంటారు. ఆ నెల ఆమెకు కాదు, వాళ్ళకు కావాలి. నాకూ కావాలనిపించింది. "అయిపోయిందండీ" అన్నాను. ఆమె ఆ కాయ తెంపి నర్సింలు చేతిలో పెట్టింది.

చివరి రోజు తల్లి కూడా వచ్చి వరండాలో కూర్చున్నారు. గంట కాగానే వసుంధర లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మంలో తిరిగింది.

"వెళ్ళిపోతున్నానండీ."

కామేశ్వరమ్మ గారు బుగ్గలు నొక్కుకున్నారు. "అదేం మాటే, అపశకునం! వెళ్ళొస్తానని చెప్పు!"

"రానుగా అమ్మా. వెళ్ళిపోతున్నాను, అంతే."

మన భాషలో ఎవరూ వెళ్ళిపోరు. ప్రతివాడూ వెళ్ళొస్తాడు. తద్దినానికి వచ్చినవాళ్ళే వెళ్ళొస్తామని చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. మనుషులు వదిలేస్తారన్న భయంతో చేయి కోసుకున్న పిల్ల, ఆ మాటను తీరిగ్గా, నవ్వు ముఖంతో పలికింది. తల్లి గొణుగుతూనే ఉన్నారు. నేను చేతుల్లేని కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాను. ఆమె మళ్ళీ రాలేదు. రావలసిన అవసరం పడలేదని తల్లి తరవాత ఎప్పుడో చెప్పారు.

ఇక జవాబు

ఆ ఏడు సంస్థ వార్షిక సభలో మేజర్ గారు మాట్లాడారు. పద్నాలుగు సార్లు మాట్లాడితే ఈ జబ్బు కుదురుతుందని తన అనుభవంలో తేలిందన్నారు. ఉదాహరణగా ఒక టెలిఫోను ఆపరేటరును చెప్పారు. చప్పట్లు కొట్టారు. సంస్థ దాన్ని నియమం చేసింది. నేను లేచాను. టీ సంగతి పైన చెప్పాను.

ఆ నియమం కింద తరవాత వచ్చిన ఒక కుర్రవాణ్ణి పద్నాలుగుకు ఆపించారు. వాడికి ట్రంక్ లైను లేదు. ఊళ్ళో ఎవరి ఫోనూ ఆగలేదు. ఆపిన రెండు వారాలకు వాడి అన్న వచ్చి, ఇక తమ్ముడు లేడని నాకు చెప్పి, వరండాలో కూలబడ్డాడు. రజతోత్సవ సంచికలో ఆ కుర్రవాడి గురించీ లేదు.

కిందటి నెల ఒక అమ్మాయి నన్ను చూడడానికి వచ్చింది. రాయదుర్గంలోనే పెద్ద కంపెనీల ఉద్యోగులకు కౌన్సెలింగ్ చేస్తుంది. మర్యాదస్తురాలు. "మాకు ఒక్కొక్కరికి ఆరు సెషన్లు ఇస్తారండీ" అంది. ఎవరు పెట్టారమ్మా ఆ ఆరు అన్నాను. "పాలసీ అండీ." ఆరు సరిపోని మనిషి వస్తే? "వేరేచోటికి రెఫర్ చేస్తామండీ." అతను వెళ్ళాడో లేదో ఎవరు చూస్తారు? "అది మా పాలసీలో లేదండీ." తప్పు ఆమెది కాదు.

రెండేళ్ళే సరైనదని నేను అనడం లేదు. కొందరికి ఏడాది చాలు. కొందరికి మూడేళ్ళు పడుతుంది. కొందరికి మనం పనికిరామని ముందే ఒప్పుకోవాలి. ఎంతకాలమో ఎదుట కూర్చున్న మనిషిని చూసి, ఆ మనిషితో కలిసి, మొదటే తేల్చుకోవాలంటున్నాను. అంతే నా వాదన. ఇది తప్పయితే ఎందుకు తప్పో చెప్పండి.

ఆ పద్నాలుగును నియమం చేసినవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు. ఈ ఆరు పెట్టినవాళ్ళు ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటారు. మీలో ఒక్కరు రండి. నేను ఇంట్లోనే ఉంటాను, పొద్దున పూట మెలకువగానే ఉంటాను. ఆ కుర్రవాడి అన్న కూడా ఇంకా ఉన్నాడు, ఈ ఊళ్ళోనే. అతన్నీ పిలుస్తాను. అతని ఎదురుగా కూర్చుని, ఆ అంకె మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి.